నీళ్లు బాగా తాగినా నాన్నకి సోడియం ఎందుకు పడిపోయింది?

పల్నాటి పిల్ల:
మా నాన్నకి 68 ఏళ్లు. ఊరు రెంటచింతల పక్కనే, మే ఎండలు ఎలా ఉంటాయో మీకు తెలిసిందే. వడదెబ్బ తగులుతుందని బిందె పక్కనే పెట్టుకుని చెంబులకి చెంబులు తాగారట. ఆకలి లేదని రెండు ముద్దలు తిని లేచేవారట, బీపీ ఉందని కూరల్లో ఉప్పు మానేశారు. మొన్న పొద్దున చొక్కా తిరగేసి తొడుక్కున్నారు, అమ్మని చూసి ఎవరని అడిగారు. పక్షవాతమేమోనని గుంటూరు తీసుకెళ్లాం. తల స్కాన్ బాగుంది, సోడియం మాత్రం 118. ఇప్పుడు నీళ్లు తగ్గించమంటున్నారు. ఇంత ఎండలో నీళ్లు తగ్గించడమేంటి? ఉప్పు సెలైన్ గబగబా ఎక్కించేయకూడదా? వాడే బీపీ మాత్ర క్లోర్‌తాలిడోన్.

ఒంగోలు చిన్నబాబు:
వేడి చేసి ఉంటుందండీ. రోజుకి మూడు కొబ్బరిబోండాలు తాగించండి, తేరుకుంటారు.

వార్డు సిస్టర్:
బాబూ, కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. ఈయనకి ఇప్పుడవి వద్దు.

అమ్మా, నేను మెడికల్ వార్డులో స్టాఫ్ నర్సుని. ప్రతి వేసవిలో మీ నాన్నగారిలాంటి పెద్దవాళ్లని చూస్తుంటాను. సోడియం 135 నుంచి 145 మధ్య ఉండాలి. ఆ అంకె ఒంట్లో ఉప్పు మొత్తం ఎంతుందో చెప్పదు, ఉన్న నీళ్లలో అది ఎంత చిక్కగా ఉందో చెబుతుంది. పులుసులో నీళ్లెక్కువైతే వేసిన ఉప్పు చాలనట్టే ఉంటుంది కదా, అలాగన్నమాట.

మామూలుగా అయితే ఎంత తాగినా ఒళ్లే సర్దుకుంటుంది. కిడ్నీలు రోజుకి దాదాపు 180 లీటర్లు వడకట్టి, లీటరున్నరో రెండో మూత్రంగా వదిలి, మిగతాదంతా రక్తంలోకి తిరిగి పంపేస్తాయి. ఎంత వదలాలో మెదడు నుంచి వచ్చే వాసోప్రెసిన్ అనే హార్మోన్ చెబుతుంది. రక్తం పలచబడితే ఆ హార్మోన్ తగ్గుతుంది, నీళ్లు మూత్రంలో పోతాయి.

మీ నాన్నగారికి అది కుదరలేదు. క్లోర్‌తాలిడోన్ ఉప్పుని మూత్రంలో పంపేస్తుంది, పైగా మూత్రాన్ని పలచన చేసే చోటే అడ్డుపడుతుంది. దానికి తోడు తిండి లేదు. నీళ్లు బయటికి పోవాలన్నా ఉప్పు, పప్పు లాంటివాటి నుంచి వచ్చే వ్యర్థాలు తోడుండాలి. అవి లేకపోతే తాగిన నీళ్లు లోపలే నిలిచిపోయి కణాల్లోకి చేరతాయి. పుర్రెలో మెదడు ఉబ్బడానికి చోటెక్కడిది? అందుకే మనిషిని గుర్తుపట్టలేకపోవడం, ఇంకా ముదిరితే ఫిట్స్.

గబగబా ఎక్కించమని మాత్రం డాక్టర్ని ఒత్తిడి చేయకండి, మీకు దణ్ణం పెడతాను. నెమ్మదిగా పడిపోయినప్పుడు మెదడు కణాలు తమలోని లవణాలు వదులుకుని సర్దుకుంటాయి. ఒక్కసారిగా పెంచితే మెదడు కాండం దెబ్బతిని మాట, మింగడం పోవచ్చు. 24 గంటల్లో సోడియం అంకె 8 పాయింట్లకి మించి పెరగకుండా చూస్తారు, అందుకే కొన్ని గంటలకోసారి రక్తం తీస్తారు. ఫిట్స్ వస్తే మాత్రం ఉప్పు ఎక్కువుండే 3 శాతం సెలైన్ కొద్దిగా, డాక్టర్లు దగ్గరుండి ఇస్తారు.

పల్నాటి పిల్ల:
సిస్టర్ గారూ, ఈరోజు 125కి వచ్చింది. అమ్మని పేరు పెట్టి పిలిచారు! బయట షాపులో ఓఆర్‌ఎస్ అని రాసిన తియ్యటి డబ్బాలు కొన్నాం, ఇంటికెళ్లాక ఇవ్వచ్చా?

వార్డు సిస్టర్:
చాలా సంతోషం తల్లీ. ఆ డబ్బాలు పక్కన పెట్టండి. అసలు ఓఆర్‌ఎస్ అంటే లీటరు నీళ్లకి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5, సిట్రేట్ 2.9. ఆ కొద్దిపాటి గ్లూకోజే పేగులో సోడియాన్ని లోపలికి తీసుకెళ్తుంది, దాని వెంట నీళ్లు వెళ్తాయి. పంచదార ఎక్కువైతే విరేచనాలు ఇంకా ముదురుతాయి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్లపాటు పోరాడాకే, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ అలాంటి పానీయాలపై ఆ పేరు వేయకూడదని చెప్పింది.

ఇంకో సంగతి, అసలైన ఓఆర్‌ఎస్‌లోనూ సోడియం 75 మాత్రమే, రక్తం కంటే పలచనే. అది విరేచనాలకి మందు, మీ నాన్నగారికి డాక్టర్ చెప్పకుండా ఇవ్వకండి. రోజుకి ఎన్ని నీళ్లో, కూరలో ఉప్పు ఎంతో డాక్టర్‌తోనే డిశ్చార్జ్ కాగితం మీద రాయించుకోండి. బీపీ మాత్ర మార్చారో లేదో అడగండి, పాత స్ట్రిప్పు ఇంట్లో ఉంటే తీసేయండి. వారంలోపు మళ్లీ సోడియం పరీక్ష ఎప్పుడో కూడా అడిగి తెలుసుకోండి.