చిన్న పామరేనియన్ కుక్కకి గుండె మాత్రలు: పావు ముక్కలు, ఉమ్మేయడం, తప్పిన డోసు

ప్రశ్న (బొబ్బిలి నుంచి)
పదేళ్ల పామరేనియన్, నాలుగున్నర కిలోలు. మైట్రల్ వాల్వు (గుండె ఎడమవైపు కవాటం) లీకు. డాక్టరు గారు పిమోబెండాన్ 1.25 మి.గ్రా. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, ఫ్యూరోసెమైడ్ 40 మి.గ్రా. మాత్రలో పావు చొప్పున రెండు పూటలా, ఎనలాప్రిల్ 2.5 మి.గ్రా. రోజుకొకటి రాశారు. పావు చేస్తుంటే మాత్ర పిండైపోతోంది. ఇడ్లీలో పెడితే ఇడ్లీ తినేసి మాత్ర ఉమ్మేస్తోంది. ఒక పూట తప్పితే మర్నాడు రెండు కలిపి వేసేయొచ్చా?

జవాబు 1
రెండు కలిపి ఎప్పుడూ వేయకండి. రెండు మూడు గంటల్లో గుర్తొస్తే వేసేయండి, తర్వాతి డోసు దగ్గర పడితే తప్పింది వదిలేయండి. వేసిన వెంటనే కక్కేసినా డాక్టరుకి ఫోన్ చేయకుండా మళ్లీ వేయొద్దు. లోపలికి ఎంత వెళ్లిందో మనకి తెలియదు కదా.

పిమోబెండాన్ తిండికి గంట ముందు పడాలి, కడుపు నిండుగా ఉంటే మందు సరిగా ఒంటికి పట్టదు. పొద్దున ఆరింటికి అది, ఏడింటికి తిండీ మిగతా మాత్రలూ, సాయంత్రం కూడా అదే వరస.

కత్తితో నొక్కితే పావులు పిండే అవుతాయండీ. మందుల షాపులో టాబ్లెట్ కట్టర్ అడగండి. మధ్య గీత మీద సగం చేసి, ఆ సగాన్ని మళ్లీ సగం చేయండి. ఒకసారికి ఒక్క మాత్రే కోయండి, నాలుగు ముక్కలూ సరిగ్గా రెండు రోజులకి సరిపోతాయి. ఒక ముక్క కాస్త పెద్దదైనా ఆ రెండు రోజుల్లో లెక్క సరిపోతుంది, రాలిన పొడి మాత్రం పోయినట్టే. ముక్కల్ని వెలుతురు తగలని పొడి డబ్బాలో పెట్టండి.

జవాబు 2
ఇడ్లీ పనికిరాదు. నోట్లో విడిపోయి మాత్రని బయటపెట్టేస్తుంది, ఫ్యూరోసెమైడ్ చేదు నాలుకకి తగిలిందా, ఆ తర్వాత దేన్నీ నమ్మదు. ఉప్పు లేకుండా ఉడికించిన కోడిమాంసం శనగగింజంత మూడు ముక్కలు తీసుకోండి. మొదటిది ఖాళీది, రెండోదాంట్లో మాత్ర, మూడోది కళ్ల ముందే పట్టుకుని ఉండండి, దానికోసం రెండోది నమలకుండా మింగేస్తుంది. పిమోబెండాన్‌కి అంతకంటే ఎక్కువ పెట్టకండి.

అలా కుదరకపోతే పై దవడని కోరపళ్ల వెనక పట్టి, మాత్రని నాలుక మొదట్లో వేసి నోరు మూసేయండి. సూది లేని సిరంజితో మూడు మి.లీ. నీళ్లు బుగ్గ సందులోకి నెమ్మదిగా పట్టాలి. తిన్నగా గొంతులోకి కొడితే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. దగ్గుతున్నా ఆయాసపడుతున్నా బలవంతం చేయకండి.

అడిగినవారు
ఒంటేలుకి మరీ ఎక్కువ పోస్తోంది. రాత్రి నీళ్లు తగ్గించమంటున్నారు ఇంట్లో.

జవాబు 1
తగ్గించకండి! ఫ్యూరోసెమైడ్ పనే అది, ఒంట్లో చేరిన నీటిని ఒంటేలుగా పంపేస్తుంది. నీళ్ల గిన్నె ఎప్పుడూ నిండుగా ఉండాలి, లేకపోతే దెబ్బ కిడ్నీల మీద పడుతుంది. వాంతులో విరేచనాలో పట్టుకున్నా, తిండి మానేసినా, మాత్రలు వేసే ముందే డాక్టరుకి చెప్పండి. మొదలుపెట్టిన ఒకటి రెండు వారాల్లో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), పొటాషియం రక్తపరీక్ష చేయించాలి.

జవాబు 3
ఎండు నెత్తళ్లు, అప్పడం, ఆవకాయ కలిపిన ముద్ద ఆపేయండి, ఉప్పుకి ఒంట్లో నీరు చేరుతుంది. కుంటుతోందని మనుషుల నొప్పి మాత్రలు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వేయడం ఇంకా ప్రమాదం, ఈ మందులతో కలిస్తే కిడ్నీ పోతుంది.

రోజూ గాఢంగా నిద్రపోతున్నప్పుడు ఛాతీ లేచి పడటం ఒకటిగా ముప్పై సెకన్లు లెక్కపెట్టి రెట్టింపు చేయండి. ఉక్కపోతలో రొప్పుతున్నప్పటి లెక్క పనికిరాదు. నిమిషానికి 30 లోపుంటే సరే. వరసగా దాటుతుంటే ఫోన్ చేయండి. 40 దాటినా, చిగుళ్లు నీలంగా కనిపించినా ఆ రాత్రే గరివిడి పశువైద్య కళాశాలకో విశాఖకో ఎవరున్నారో కనుక్కుని బయల్దేరండి. మీ అంతట మీరు ఫ్యూరోసెమైడ్ పెంచకండి. అదనపు పావు ఎప్పుడు వేయాలో డాక్టరు చేత ముందే చీటీ మీద రాయించుకోండి.