టీఎస్‌హెచ్ 6 దాటితే జీవితాంతం మాత్ర తప్పదా?

రాజమండ్రి వాసి:
అందరికీ నమస్కారం. మా అమ్మగారికి 71 ఏళ్లు. ఆరోగ్య పరీక్షల ప్యాకేజీలో భాగంగా చేసిన రక్తపరీక్షలో థైరాయిడ్ పనితీరు తెలిపే టీఎస్‌హెచ్ 6.8 అని వచ్చింది, థైరాయిడ్ తయారుచేసే హార్మోన్ అయిన ఫ్రీ టీ4 మాత్రం మామూలుగానే ఉంది. కాస్త నీరసం, మలబద్ధకం తప్ప ఆమెకు వేరే ఇబ్బంది లేదు, అవి కూడా చాలా ఏళ్లుగా ఉన్నవే. ఆ ఒక్క రిపోర్టు చూసి రోజూ 50 మైక్రోగ్రాముల లెవోథైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోన్ మాత్ర) రాశారు, ఇక జీవితాంతం వాడాలన్నారు. వాడటం మొదలుపెట్టి నెల కావస్తోంది. థైరాయిడ్ వచ్చిందంటే మాత్ర తప్పదని మా పిన్ని అంటుంటే, ఈ వయసులో అవసరం లేదని మరికొందరు అంటున్నారు. ఏది సబబు?

వినాళం:
ముందుగా ఆ 6.8 అనే అంకె దేన్ని కొలుస్తుందో చూడాలి. టీఎస్‌హెచ్‌ను విడుదల చేసేది థైరాయిడ్ కాదు, మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి. రక్తంలో థైరాయిడ్ హార్మోన్ తగ్గుతోందని గ్రహించగానే మెదడులోని హైపోథాలమస్ అనే భాగం, పీయూష గ్రంథి కలిసి టీఎస్‌హెచ్‌ను పెంచి, ఇంకొంచెం తయారుచేయమని థైరాయిడ్‌కు కబురు పంపుతాయి. హార్మోన్ సరిపోగానే ఆ కబురు తగ్గిపోతుంది. ఈ ఏర్పాటు ఎంత సున్నితమైనదంటే, టీ4 స్వల్పంగా తగ్గినా టీఎస్‌హెచ్ అనేక రెట్లు పెరుగుతుంది. కాబట్టి టీఎస్‌హెచ్ కాస్త పెరిగి టీ4 మామూలుగా ఉందంటే, గ్రంథి మీద ఒత్తిడి ఉందేమో గానీ శరీరానికి కావలసిన హార్మోన్ అందుతూనే ఉందన్నమాట. వైద్యులు సబ్‌క్లినికల్ హైపోథైరాయిడిజం అనేది ఈ స్థితినే.

ఒక్క రిపోర్టుతో జీవితాంతం మందు నిర్ణయించడం సరికాదని నా గట్టి అభిప్రాయం. టీఎస్‌హెచ్ రాత్రివేళ పెరిగి మధ్యాహ్నానికి తగ్గుతుంది. ఏదైనా జబ్బు నుంచి కోలుకునేటప్పుడు తాత్కాలికంగా పెరుగుతుంది. వయసు మీద పడేకొద్దీ కొంత పెరగడం కూడా సహజమే, కానీ చాలా రిపోర్టుల్లో ముద్రించే పై హద్దు 30 ఏళ్ల వారికీ 71 ఏళ్ల వారికీ ఒకటే. రెండు మూడు నెలలు ఆగి మళ్లీ చూస్తే మందేమీ లేకుండానే హద్దులోకి వచ్చేవారు చాలామంది ఉంటారు.

మీ అమ్మగారి వయసువారి మీద యూరప్‌లో జరిపిన ట్రస్ట్ అధ్యయనం 2017లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. 65 ఏళ్లు దాటిన 737 మందిలో కొందరికి లెవోథైరాక్సిన్, మిగతావారికి అచ్చం అలాగే కనిపించే ఉత్త మాత్ర ఇచ్చారు. ఏడాది తర్వాత మందు వాడినవారి టీఎస్‌హెచ్ సగటున 3.63కి దిగింది, కానీ నీరసంలోగానీ ఇతర లక్షణాల్లోగానీ రెండు వర్గాలకూ తేడా కనిపించలేదు. ఇలాంటి అధ్యయనాలన్నిటినీ పరిశీలించి, ఈ స్థితిలో ఉన్న పెద్దలకు థైరాయిడ్ హార్మోన్ ఇవ్వవద్దని 2019లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ నిపుణుల బృందం గట్టిగా సిఫారసు చేసింది. మన దేశంలో హైదరాబాద్‌తో సహా 8 నగరాల్లో చేసి 2013లో ప్రచురించిన సర్వేలో పెద్దల్లో సుమారు 8 శాతం మందికి ఈ స్థితి ఉన్నట్టు తేలింది. ఇంతమందికి మాత్ర అలవాటు చేసేముందు ఎంతో ఆలోచించాలి.

మాధవి, విశాఖ:
మీరు చెప్పిన అధ్యయనాన్ని కాదనను, దాన్ని అందరికీ వర్తింపజేయడాన్నే ఒప్పుకోను. అందులో పాల్గొన్నవారి సగటు వయసు 74 దాటింది, టీఎస్‌హెచ్ 10 దాటినవారు బహు కొద్దిమంది, పైగా చాలామందికి మొదట్లోనే లక్షణాలు అంతంతమాత్రం. లేని నీరసాన్ని మందు ఎలా తగ్గిస్తుంది?

నాకు 32 ఏళ్లు, టీఎస్‌హెచ్ 7 దాటింది, యాంటీ టీపీఓ ప్రతిరక్షకాలు కూడా ఉన్నాయి, అంటే నా రోగనిరోధక వ్యవస్థే నా గ్రంథిని దెబ్బతీస్తోంది. ఇంగ్లండ్‌లోని విక్‌హామ్‌లో 20 ఏళ్ల పాటు జనాన్ని గమనిస్తే, టీఎస్‌హెచ్ పెరిగి ప్రతిరక్షకాలు కూడా ఉన్న స్త్రీలలో ఏడాదికి 4 శాతానికి పైగా పూర్తి హైపోథైరాయిడిజంలోకి, అంటే హార్మోన్ నిజంగానే చాలని స్థితిలోకి, వెళ్లారు. నేను బిడ్డ కోసం ప్రయత్నిస్తున్నాను. గర్భం తొలి మూడు నెలల్లో శిశువు తల్లి హార్మోన్ మీదే ఆధారపడుతుంది. ఆ స్థితిలో ఉన్నదానికి ఆగి చూడమని ఎవరైనా చెబుతారా?

మెడికల్ షాపు మావయ్య:
మాత్ర వాడాలా వద్దా అన్నది వైద్యులు తేల్చవలసిన విషయం. అయితే వాడేవారిలో సగం గొడవ వాడే పద్ధతితోనే వస్తుంది. లెవోథైరాక్సిన్‌ను పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, అరగంట నుంచి గంట దాకా కాఫీ, టిఫిన్ ముట్టకూడదు. ఐరన్, కాల్షియం మాత్రలకు 4 గంటల ఎడం ఉండాలి. కాఫీతో కలిపి మింగి, మందు పనిచేయడం లేదని మోతాదు పెంచుకుంటూ పోయినవారిని చూశాను. జుట్టు కోసం బయోటిన్ వాడేవారు రక్తపరీక్షకు కనీసం 2 రోజుల ముందు దాన్ని ఆపాలి, లేకపోతే కొన్ని యంత్రాల్లో టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగా చూపిస్తుంది.

వినాళం:
మాధవి గారూ, మీ విషయంలో మన మధ్య వాదమే లేదు. గర్భం కోసం ప్రయత్నిస్తున్న స్త్రీలను ఆ నిపుణుల బృందం తన సిఫారసు నుంచి మినహాయించింది, టీఎస్‌హెచ్ 20 దాటినవారినీ లక్షణాలు తీవ్రంగా ఉన్నవారినీ కూడా. అసలు తగువు 40, 50 ఏళ్ల వయసులో, టీఎస్‌హెచ్ 10 లోపు ఉండి, నిత్యం నీరసంగా ఉందనేవారి గురించి. 2013 నాటి యూరప్ మార్గదర్శకాలు వీరికి మందు ఇచ్చి చూడవచ్చన్నాయి, టీఎస్‌హెచ్ హద్దులోకి వచ్చాక 3, 4 నెలలకు మేలు కనబడకపోతే ఆపమన్నాయి. నా అభ్యంతరమల్లా ఆ ఆపడం ఎక్కడా జరగకపోవడం గురించే. మోతాదు ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది, నెలసరి ఆగిపోయిన స్త్రీల ఎముకలు గుల్లబారతాయి.

మాధవి, విశాఖ:
ఆపకపోవడం మందు రాసే తీరులోని లోపం, మందుది కాదు. ప్రయత్నించే అవకాశమే లేకుండా చేస్తే, నిజంగా మేలు పొందే కొద్దిమంది స్త్రీలకు మళ్లీ "అంతా మీ మనసులోనే ఉంది" అన్న మాటే మిగులుతుంది. అది నాకు సమ్మతం కాదు.

రాజమండ్రి వాసి:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మాత్ర ఇప్పటికిప్పుడు మానిపించవచ్చా?

వినాళం:
సొంతంగా మానిపించవద్దు. ఈ హార్మోన్ సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది కాబట్టి మోతాదు మార్చినా, మందు ఆపినా ఫలితం తెలియడానికి 6 నుంచి 8 వారాలు కావాలి. ప్రతిరక్షకాల పరీక్ష చేయించారా, గుండె లయ చూశారా, మందు ఆపి 2 నెలలకు టీఎస్‌హెచ్, టీ4 మళ్లీ చూడవచ్చా అని ఆ వైద్యులనే అడగండి. మొదటి రిపోర్టు కాగితం వెంట తీసుకెళ్లండి, తర్వాతి పరీక్ష కూడా అదే లేబరేటరీలో, అదే వేళకు చేయించండి.