స్నూకర్ స్ట్రెయిట్ లాంగ్ పాట్‌లో (దూరపు బాల్‌ని నేరుగా పాకెట్‌లో వేసే షాట్) తెలియకుండా వైట్‌కి సైడ్ (పక్క స్పిన్) పడుతోంది: ముందు కాళ్లు మార్చాలా, చెయ్యి మార్చాలా?

నల్గొండ_క్యూ (ప్రశ్న)

కుడిచేతి వాటం, ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలు, 58 అంగుళాల యాష్ కలప క్యూ (ఆడే కర్ర). బ్లాక్ చుట్టూ ఆడే షాట్లు, మిడిల్ పాకెట్ షాట్లు సరిగానే పడుతున్నాయి. 12 అడుగుల టేబుల్ మీద బాల్క్ (మొదటి షాట్ కొట్టే చివర) నుంచి కార్నర్ పాకెట్‌కి స్ట్రెయిట్ రెడ్ పెడితేనే ఇబ్బంది. స్టన్ (రెడ్‌కి తగిలి వైట్ అక్కడే ఆగేలా) కొట్టినప్పుడు వైట్ ఆగిన చోట బొంగరంలా తిరుగుతోంది, అంటే సైడ్ పడుతున్నట్టే కదా. వెనకనుంచి ఫోన్‌లో తీస్తే మోచేయి బయటికి పోయి ఉంది, క్యూ ముందుకెళ్లేటప్పుడు బట్ (క్యూ వెనక చివర) ఒంటివైపు వస్తోంది. బలవంతంగా మోచేయి లోపలికి తెస్తే క్యూ ఛాతీకి గుద్దుకుంటోంది. స్టాన్స్ దగ్గర మొదలుపెట్టాలా, చేతి దగ్గరా?

బ్రౌన్‌స్పాట్

కాళ్ల దగ్గర, బ్రదర్. మోచేయి తనంతట తాను బయటికి పోదు. కుడికాలు షాట్ లైన్‌కి కుడిపక్కగా పడితే తుంటి క్యూ దారిలోకి వచ్చి కూర్చుంటుంది. దాన్ని తప్పించుకోడానికి చెయ్యి పక్కకి జరుగుతుంది, మోచేయి రెక్కలా లేస్తుంది. అక్కణ్నుంచి కొడితే ముంజేయి ఒంటివైపు ఊగి బట్ ఎడమకి వస్తుంది, బ్రిడ్జ్ (క్యూకి ఆసరాగా టేబుల్ మీద పెట్టే చెయ్యి) దగ్గర మలుపు తిరిగి టిప్ (క్యూ కొన) కుడికి పోతుంది. వైట్‌కి కుడి సైడ్. ఛాతీ క్యూని బయటికి నెడితే సరిగ్గా దీనికి తిరగేసి జరుగుతుంది.

రెడ్ పాకెట్ ఏ దవడకి (అంచుకి) తగిలిందో చూసి రోగం తేల్చకండి. టిప్ కుడికి పోయినప్పుడు క్యూ కూడా కొంచెం కుడికి తిరుగుతుంది, అదే సమయంలో కుడి సైడ్ వైట్‌ని ఎడమకి తోస్తుంది. వేగాన్ని బట్టి, బ్రిడ్జ్ దూరాన్ని బట్టి ఈ రెండిట్లో ఏది గెలుస్తుందో మారుతుంది. అందుకే వైట్ ఒక్కటే పెట్టి పరీక్షించాలి. బ్రౌన్ స్పాట్ (బాల్క్ లైన్ మధ్య గుర్తు) మీద వైట్ పెట్టి బ్లూ, పింక్, బ్లాక్ స్పాట్ల మీదుగా టాప్ కుషన్‌కి (ఎదుటి చివర అంచు) కొట్టండి. టిప్ వైట్ మధ్యలో తగలాలి, వేగం వైట్ తిరిగి బాల్క్ దాకా వచ్చేంత. వెళ్లేటప్పుడే బ్లూ స్పాట్ తప్పితే గురి తప్పు. స్పాట్ల మీదుగానే వెళ్లి కుషన్ తగిలాక కుడికి విరిగితే కుడి సైడ్, ఎడమకి విరిగితే ఎడమ సైడ్. బ్రౌన్ నుంచి టాప్ కుషన్‌కి 2,832 మిల్లీమీటర్లు, కాబట్టి చిన్న తప్పు కూడా దాక్కోలేదు. చిన్న టేబుళ్ల మీద నేర్చుకున్న చెయ్యికి ఈ లోపం ఏళ్లతరబడి తెలియకపోడానికి కారణం ఈ దూరం లేకపోవడమే.

ఇక నిలబడే తీరు. బాల్క్ కుషన్ మధ్య బిందువు పట్టుకోండి (ప్లేయింగ్ ఏరియా వెడల్పు 1,778 మిల్లీమీటర్లు, సైడ్ కుషన్ నుంచి 889), అక్కణ్నుంచి నేల మీద వెనక్కి ఒక మీటరు మాస్కింగ్ టేప్ అతికించండి. టేప్ చివర నిలబడి లైన్ చూడండి. ముందు కుడికాలు టేప్ మీద పడాలి, టేప్ పాదం కిందుగా పోవాలి, వేళ్లు కొంచెం బయటికి చూడొచ్చు. తర్వాత ఎడమకాలు పక్కకి, భుజాల వెడల్పంత ఎడంగా, కాస్త ముందుకి. ఎడమ పాదం వేళ్లు దాదాపు లైన్‌కి సమాంతరం. ఆ తర్వాతే వంగాలి, అదీ నడుము మధ్యలో కాదు, తుంటి దగ్గర మడిచి, పిరుదులు వెనక్కి పోయేలా.

ఎక్కువమంది చేసే పొరపాటు ముందు వంగేసి, క్యూ పెట్టేసి, ఆ తర్వాత కాళ్లు సర్దుకోవడం. అప్పటికి లైన్ పోయినట్టే. కిందికి వెళ్లాక తేడాగా అనిపిస్తే లేచి మళ్లీ రావాలి, వంగిన చోటే మోచేయి సర్దకూడదు.

ఫెదర్_టచ్

పై మాటకి ఒకటి చేరుస్తాను. వెనక వీడియో ఒక్కటే చాలదు, పక్కనుంచి కూడా తీయండి. టిప్ వైట్ పక్కన ఆగి ఉన్న క్షణంలో ముంజేయి నేలకి నిలువుగా ఉందా లేదా అన్నది అక్కడే తెలుస్తుంది. పిడికిలి మోచేయి కంటే వెనక ఉంటే, కొట్టే క్షణానికి చెయ్యి ఇంకా కిందికి దిగుతూ ఉంటుంది, టిప్ పైకి లేస్తుంది, స్క్రూ (వైట్ వెనక్కి వచ్చేలా) కొట్టబోతే స్టన్ అవుతుంది. పిడికిలి ముందుకి ఉంటే చెయ్యి అప్పటికే పైకి లేస్తుంటుంది, టిప్ కిందికి పోతుంది. సరిచేయడానికి పట్టు జాగా మార్చండి, ఒకసారికి రెండు మూడు సెంటీమీటర్లు మాత్రమే. బ్రిడ్జ్ నుంచి వైట్‌కి 25 నుంచి 30 సెంటీమీటర్లు ఉంచి అప్పుడు కొలవండి, లేకపోతే ఒకటి సరిచేసి ఇంకొకటి చెడగొడతారు.

పట్టు గురించి కూడా. బట్ ఒంటివైపు లాగడానికి కాళ్లతో సంబంధం లేని కారణం ఒకటుంది: పిడికిలి బిగింపు. బొటనవేలు, చూపుడువేలు ఉంగరంలా పట్టుకోవాలి, క్యూ వెనక్కి వెళ్తుంటే చివరి రెండు వేళ్లు తెరుచుకోవాలి. ఐదు వేళ్లూ బిగిస్తే మణికట్టు తిరుగుతుంది, టిప్ పక్కకి పోతుంది. క్యూ జారిపోకుండా ఉంటే చాలు. టిప్ వైట్‌కి తగిలేదాకా మోచేయి కదలకూడదు, తగిలాక క్యూ ముందుకి సాగే ఫాలో త్రూలో దిగితే పర్లేదు.

కోణం_చూపు

కాళ్లు, చెయ్యి సరే, కన్ను ఎవరూ అడగలేదే? క్యూ గడ్డం కింద ఎక్కడ ఉందో ముందు చూసుకోండి. క్యూ తన చూపు కింద లేనివాడికి తప్పు లైనే స్ట్రెయిట్‌గా కనిపిస్తుంది, దానికి తగ్గట్టు చెయ్యి తెలియకుండా వంకర కొడుతుంది. టేప్ మీద కాలు ఎంత కచ్చితంగా పెట్టినా ఇది పోదు. 1927 నుంచి 1946 దాకా 15 ప్రపంచ టైటిళ్లు గెలిచిన జో డేవిస్‌కి కుడికన్ను సరిగా కనిపించేది కాదు, ఆయన క్యూ ఎడమకన్ను కింద నడిచేది. క్యూ గడ్డం మధ్యలోనే ఉండాలన్న నియమం ఏమీ లేదు.

కనుక్కునే పద్ధతి: బ్రౌన్ స్పాట్ మీద వైట్, బ్లాక్ స్పాట్ మీద ఒక బాల్ పెట్టి, పక్కన ఒకరిని నిలబెట్టి క్యూని స్పాట్ల లైన్ మీద కదలకుండా పట్టించండి. మీరు గడ్డం ఎడమనుంచి కుడికి మెల్లగా జరపండి. ఎక్కడ క్యూ, వైట్, బాల్ ఒకే గీతలో కనిపిస్తాయో అదే మీ జాగా. ఇక ప్రతి షాట్‌కీ గడ్డం అక్కడే.

నల్గొండ_క్యూ

థాంక్స్ అన్నా అందరికీ. టేప్ వేసి చూశాను, కుడికాలు లైన్‌కి దాదాపు అరపాదం కుడిపక్క పడుతోంది. కాలు సరిచేస్తే మోచేయి చాలావరకు లోపలికి వచ్చింది. ఛాతీకి క్యూ తగలడం మాత్రం ఇంకా ఉంది. అసలు తగలకూడదా?

బ్రౌన్‌స్పాట్

తగలొచ్చు, తగిలితేనే మంచిది. బ్రిడ్జ్ చెయ్యి, గడ్డం, ఛాతీ, పట్టు: క్యూకి ఈ నాలుగూ ఆసరా. రాసుకుంటూ పోవాలి, నెట్టకూడదు, అంతే తేడా. నెడుతోందంటే భుజాలు టేబుల్‌కి మరీ ఎదురుగా తిరిగినట్టు. ఎడమకాలు మూడు నాలుగు సెంటీమీటర్లు ముందుకి జరిపి చూడండి, ఛాతీ కాస్త పక్కకి తిరిగి దారి ఇస్తుంది. మీ ఎత్తుకి ఎడమ మోకాలు వంచడం తప్పదు. కుడి మోకాలు నిటారుగా ఉంచాలా, కొంచెం వంచాలా అన్నది మీ నడుము చెప్పినట్టు వినండి, రెండు రకాలవాళ్లూ పెద్ద స్థాయిలో ఆడారు. ఎలా నిలబడినా భుజం మీద ఎవరైనా మెల్లగా తోస్తే ఊగకూడదు.

ఈ వారం కాళ్లు తప్ప ఇంకేదీ ముట్టుకోవద్దు. పట్టు, గడ్డం కూడా కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. రోజూ ఆట మొదలుపెట్టే ముందు బ్రౌన్ స్పాట్ షాట్ ఓ ఇరవై. వైట్ తిరిగొచ్చి టిప్‌కి తగిలేదాకా లేవకుండా అలాగే ఉండండి. క్లబ్ క్యూతో ఆడే రోజైతే ముందు దాన్ని టేబుల్ మీద దొర్లించి వంకర ఉందేమో చూసుకోండి.