సెల్లార్‌లో గోడౌన్, గేటుకు నోటీసు: తనిఖీల మీద అజమాయిషీ ఎవరికుండాలి?

మూడో అంతస్తు:
హైదరాబాద్‌లో మా గల్లీ మూలన అయిదంతస్తుల బిల్డింగ్ ఉంది. ప్లాన్‌లో సెల్లార్ పార్కింగ్‌కని చూపించారు. లోపల ఉన్నది పరుపుల ఫోమ్ షీట్లు, బయట రేకు తలుపు, దానికి తాళం. బండ్లన్నీ రోడ్డు మీదే. ఏడు నెలల కింద మున్సిపల్ వాళ్లు గేటుకు నోటీసు అంటించి పోయారు. వానకు అక్షరాలు అలికిపోయాయి. ఇప్పుడు దాని మీద ఎవరిదో బర్త్‌డే ఫ్లెక్సీ.

2022 సెప్టెంబర్‌లో సికింద్రాబాద్ రూబీ లాడ్జిలో జరిగిందేమిటి? కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం, పైన గదులు. మంటలు లేచి 8 మంది చనిపోయారు. అందుకే అంటున్నా, ఈ బిల్డింగ్ తనిఖీల మీద అజమాయిషీ ఎన్నికైన కౌన్సిల్‌కు ఉండాలి. ఎన్ని నోటీసులిచ్చారు, ఎన్ని మూలన పడ్డాయి, ప్రతి సమావేశంలో అధికారులు లెక్క చెప్పాలి. మీరేమంటారు?

కాగితప్పులి:
టౌన్‌ప్లానింగ్‌లో పనిచేసి రిటైరైనవాణ్ని, వేరే ఊళ్లో. అజమాయిషీ లేక కాదు తమ్ముడూ, ఎక్కువై చచ్చాం. సెల్లార్‌కు సీల్ వేసి జీపెక్కేలోపు ఫోన్. "మనోడే సార్, కొంచెం చూసుకోండి." ఒకసారి లక్క ఆరకముందే నా చేతే సీల్ తీయించారు. ఆ నోటీసు మీద ఫ్లెక్సీ కట్టింది ఎవరి మనుషులనుకుంటున్నావు? ఈ పని కార్పొరేటర్లకు ఎంత దూరంగా ఉంటే అంత మంచిది. 2024లో చెరువులు, ప్రభుత్వ స్థలాల ఆక్రమణలు తీసేయడానికి హైడ్రా లాంటి ప్రత్యేక సంస్థ వచ్చిందంటే ఊరికే రాలేదు.

ఏడో అంశం:
పెద్దాయన చెప్పిన ఫోన్లు నిజమే. కానీ దూరంగా ఉంచాలి అంటున్నారే, ఇప్పటికే దూరంగానే ఉంచారు కదండీ. రాజ్యాంగం 12వ షెడ్యూల్‌లో అగ్నిమాపక సేవలు 7వ అంశం. పట్టణ సంస్థలకు అప్పగించదగ్గ పనుల్లో అదొకటని 1992లో 74వ సవరణే చెప్పింది. మన దగ్గర ఫైర్ డిపార్ట్‌మెంట్ ఇంకా హోంశాఖ కిందే ఉంది. ఎత్తును బట్టి పంచుకున్నారు: కమర్షియల్ 15 మీటర్లు, ఇళ్లు 18 మీటర్లు దాటితే ఫైర్ వాళ్ల ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) కావాలి. అంతకు తక్కువైతే నగరపాలక విభాగాల నెత్తిన. అయిదంతస్తులంటే దాదాపు ఆ గీత మీదే. ఇటు అడిగితే అటు చూపిస్తారు, అటు అడిగితే ఇటు.

ఇక హైడ్రా జవాబు చెప్పేది ప్రభుత్వానికి, మీ వార్డుకు కాదు. చెరువులో కట్టింది కూల్చడం వేరు, ఏటా వచ్చి మెట్లు ఖాళీగా ఉన్నాయో లేదో చూడటం వేరు. రెండోదానికి కెమెరాలు రావు.

గంపల బజార్:
వ్యాపారి మాట కూడా వినండన్నా. మా తాత కొన్న బిల్డింగ్‌కు మెట్లు ఒక్కటే. రెండో మెట్లు ఎక్కడ కట్టాలె, పక్కోడి వంటింట్లనా? 2025 మేలో గుల్జార్ హౌజ్‌లో ఒకే ఇంట్లో మంటలకు 17 మంది పోయారు, అందులో చిన్నపిల్లలూ ఉన్నారు. ఆ వారం మా ఇంట్ల ఎవరం సరిగ్గా నిద్రపోలేదు. సరుకు ఊరవతల పెట్టమంటే పెడతా, ట్రాలీ కిరాయి నేనే భరిస్తా. ఇవి మార్చు, ఇన్ని నెలల్లో మార్చు అని ఒక కాగితం మీద రాసియ్యమనండి. ఆరేళ్లకోసారి వచ్చి బెదిరించి పోతే ఏం మారుస్తం?

కాగితప్పులి:
ఈయన అడిగింది న్యాయం. మా రోజుల్లో "లోపాలు సరిదిద్దవలెను" అని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టేవాళ్లం. ఏ లోపాలో మాకూ తెలిసేది కాదు, హ హ.

ఏడో అంశం:
అయితే నా ప్రతిపాదన ఇది. కౌన్సిల్ లెక్క అడగాలి, ఏ బిల్డింగ్ వదలాలో చెప్పకూడదు. ఎవరైనా ఫోన్ చేస్తే అది ఫైల్‌లో ఎక్కాలి. కూల్చే సంగతికొస్తే 15 రోజుల నోటీసు లేకుండా కుదరదని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. రోడ్లు, చెరువుల ఆక్రమణలకు ఆ రక్షణ లేదు, అది వేరే సంగతి.

కాగితప్పులి:
ఫోన్ ఫైల్‌లో ఎక్కించినవాడు మర్నాడు ఎక్కడికి బదిలీ అవుతాడో నన్నడగండి. నోటీసుల జాబితా వార్డు ఆఫీసు గోడకు అంటించమంటే మాత్రం ఒప్పుకుంటా. గోడకు ఎవరూ ఫోన్ చేయలేరు.

మూడో అంతస్తు:
సాయంత్రం టేపు పట్టుకుని పోయా. మెట్ల వెడల్పు మూడడుగులు. అందులో చెప్పుల స్టాండు, మలుపులో రెండు గ్యాస్ సిలిండర్లు. గోడకున్న మంటలార్పే ఎర్ర సిలిండర్ గడువు 2019లోనే అయిపోయింది. సెల్లార్ తాళంచెవి వాచ్‌మన్ దగ్గర లేదు, యజమాని ఉండేది ఊరవతల. ఫ్లెక్సీ మూల విప్పి నోటీసు ఫొటో తీశా, ఫైల్ నంబర్ మాత్రం కనిపిస్తోంది. సోమవారం ప్రజావాణిలో అర్జీ ఇస్తా.

కాగితప్పులి:
ఫొటోలో 452 అని ఉంటుంది, అది మున్సిపల్ చట్టంలో సంజాయిషీ అడిగే సెక్షన్. పక్కన 636, అంటే తీసేయమని ఆర్డర్ వేసే సెక్షన్, కూడా ఉందా చూడు. లేకపోతే సంజాయిషీ అడిగి వదిలేశారన్నమాట, ఆర్డరే వేయలేదు. అర్జీలో ముందు అదే అడుగు.