టైరు వాల్వుకి మెటల్ క్యాపు పట్టేసింది, ఎలా తీయాలి?

బీచ్‌రోడ్డు_కారు:

అందరికీ నమస్కారం. మాది విశాఖ, ఇల్లు సముద్రానికి బాగా దగ్గర, కారు ఎప్పుడూ బయటే ఉంటుంది. పోయినేడు కారుతో వచ్చిన నల్ల ప్లాస్టిక్ మూతలు తీసేసి, ఆన్‌లైన్‌లో నాలుగు అల్యూమినియం క్యాపులు కొని పెట్టాను. నిన్న గాలి కొట్టిద్దామని బంకుకి వెళ్తే మూడు గట్టిగా తిప్పాక వచ్చాయి, ముందు ఎడమ టైరుది మాత్రం ఇసుమంత కూడా కదల్లేదు. అక్కడి కుర్రాడు ప్లయర్ పెట్టి తిప్పాడు, క్యాపుతో పాటు కింద రబ్బరు కాడ కూడా మెలి తిరిగిపోతుంటే భయమేసి ఆపమన్నాను. వచ్చిన మూడింటి మరల్లో సున్నం లాంటి తెల్ల పొడి పేరుకుని ఉంది.

ఆ టైరు కొంచెం దిగినట్టే కనిపిస్తోంది, గాలి ఎంతుందో చూద్దామన్నా మూత రాదు కదా. వచ్చే ఆదివారం అమ్మానాన్నలని అరసవల్లి తీసుకెళ్లాలి, రానూపోనూ రెండొందల కిలోమీటర్ల పైనే, ఎండలో హైవే మీద ఈ టైరుతో వెళ్లాలంటే టెన్షన్‌గా ఉంది. ఒకరు లైటర్‌తో కాల్చమంటున్నారు, ఒకరు కోసేయమంటున్నారు. ఎవరికైనా ఇలా అయిందా?

కాకినాడ_పంక్చర్‌షాపు:

ముందు ఆ లైటర్ మాట మర్చిపోండి సార్. వాల్వు కాడ రబ్బరు, దాని పక్కనే టైరు, మంట తగిలితే మూత సంగతి అలా ఉంచి టైరే పాడవుతుంది. రెండోది, ఇంకెవరినీ ఒక్క ప్లయర్‌తో తిప్పనివ్వకండి. ట్యూబ్‌లెస్ వాల్వు రిమ్ము కన్నంలో రబ్బరు పట్టు మీదే నిలబడి ఉంటుంది, పైన మూత తిప్పితే ఆ మెలి అంతా కింద రబ్బరు మీద పడి అది చీలుతుంది. మా షాపుకి ఇలా చీలినవి చాలా వస్తాయి.

ఇంట్లో చేసుకునే పద్ధతి చెప్తాను. కారు కాస్త కదిపి, వాల్వు చక్రంలో పైభాగానికి వచ్చేలా ఆపండి. అప్పుడు క్యాపు తలకిందులుగా వేలాడుతుంది, దాని నోరు పైకి ఉంటుంది, మీరు కొట్టిన డబ్ల్యూడీ-40 (పట్టేసిన మరలు వదిలించే నూనె స్ప్రే) కారిపోకుండా మరల్లోకి దిగుతుంది. వాల్వు కింద ఉన్నప్పుడు కొడితే మూత నెత్తి మీంచి జారి నేల పాలే. సాయంత్రం ఒకసారి, పడుకునే ముందు ఒకసారి కొట్టి, స్క్రూడ్రైవర్ పిడితో మూత చుట్టూ మెల్లగా తట్టండి. పొద్దున్న రెండు ప్లయర్లు తీసుకుని, ఒకదాంతో మూతకి కిందున్న కాడని కదలకుండా పట్టుకోండి, అక్కడ ఇత్తడి కనిపిస్తే ఇత్తడినే పట్టుకోండి, రెండోదాంతో మూతని తిప్పండి. ఒకేసారి విప్పాలని చూడొద్దు, ముందు వెంట్రుకవాసి బిగించే వైపు, తర్వాత విప్పే వైపు, అలా అటూ ఇటూ ఆడిస్తే లోపలి పొడి నలుగుతుంది. తీశాక రబ్బరు మీద పడ్డ నూనె తుడిచేయండి.

లోహాల_మాస్టారు:

పైన అన్నగారు చెప్పింది సరైన పద్ధతి. ఎందుకిలా అవుతుందో కూడా తెలిస్తే మళ్లీ ఆ క్యాపులు కొనరు కాబట్టి రాస్తున్నాను. మామూలు వాల్వు కాడ లోపల ఉండేది ఇత్తడి, మీ మూత అల్యూమినియం. ఈ రెండూ తగులుకుని ఉండి, మధ్యలో ఉప్పు తేమ చేరిందంటే అదొక చిన్న బ్యాటరీ లాగా పనిచేస్తుంది, అందులో తినేయబడేది అల్యూమినియమే. అలా తినగా వచ్చిన తెల్ల పొడి అసలు లోహం కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. కాడ లావే 7.7 మిల్లీమీటర్లు, అంగుళానికి 32 మరలు, అంత సన్నటి సందులో పొడి ఉబ్బితే మూత చేత్తో కదలదు. సముద్రపు గాలిలో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది.

మంట వద్దు కానీ జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్ వాడొచ్చు. స్ప్రే పూర్తిగా తుడిచేసి, ఆరనిచ్చి, రెండు మూడు నిమిషాలు వేడి గాలి పెట్టండి. వేడికి అల్యూమినియం ఇత్తడి కన్నా ఎక్కువ వ్యాకోచిస్తుంది, బయట ఉన్నది అల్యూమినియం కాబట్టి పట్టు కొంచెం వదులుతుంది.

మిషిగన్_తెలుగు:

మాస్టారు చెప్పిన వేడి చిట్కా వాడే ముందు మీ కారుకి చక్రం లోపల గాలి సెన్సార్లు, అంటే టీపీఎంఎస్, ఉన్నాయేమో చూసుకోండి. ఇక్కడ అమెరికాలో 2007 సెప్టెంబరు నుంచి తయారైన కార్లన్నిటికీ అది తప్పనిసరి, మన దగ్గర కూడా ఇప్పుడు చాలా మోడళ్లకి వస్తోంది. కొన్నిటికి వాల్వు కాడే అల్యూమినియం, లోపల సెన్సార్‌కి బిగించి ఉంటుంది. దాని మీద ఇత్తడి మూత పెడితే లెక్క తిరగబడుతుంది, వేడి చేస్తే లోపలి కాడే ఎక్కువ ఉబ్బి ఇంకా బిగుస్తుంది. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే ఊళ్లో ఉంటాను, నాకు ఒక చలికాలంలో మూతతో పాటు కాడ విరిగి చేతికొచ్చింది, ఒక్కసారిగా గాలంతా పోయి కారు ఆఫీసు పార్కింగ్‌లోనే కూలబడింది, సెన్సార్‌తో సహా మార్చాల్సి వచ్చింది.

కాకినాడ_పంక్చర్‌షాపు:

నిజమే, సెన్సార్ ఉన్నదాన్ని ఇంట్లో బలవంతం చేయొద్దు. రబ్బరు వాల్వు అయితే ఎంతకీ రాకపోతే ఆఖరికి కోయడమే. హాక్సా బ్లేడుతో మూత పక్కన నిలువుగా గాటు పెట్టి, మరల దాకా పోకుండా ఆపి, గాట్లో స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే మూత విచ్చుకుంటుంది. కానీ చెయ్యి జారి కాడ తెగితే గాలి మొత్తం పోతుంది కాబట్టి జాకీ వేసి, స్టెప్నీ పక్కన పెట్టుకున్నాకే మొదలుపెట్టండి. అంతకన్నా షాపుకే తీసుకెళ్తే వాల్వే కోసి కొత్తది వేస్తారు, పెద్ద ఖర్చేం కాదు.

బీచ్‌రోడ్డు_కారు:

వచ్చేసింది! నాకు సెన్సార్లు లేవు, మామూలు రబ్బరు వాల్వే. వాల్వు పైకి పెట్టి రెండు రాత్రులు స్ప్రే కొట్టాను, ఇవాళ పొద్దున్న తుడిచి డ్రయ్యర్ పెట్టి, మా తమ్ముడు కాడ పట్టుకుంటే నేను మూత అటూ ఇటూ ఆడించాను. నాలుగోసారికి టక్కుమని చిన్న చప్పుడు, తర్వాత చేత్తోనే తిరిగింది. మూత లోపల మరలే కనబడలేదు, అంతా తెల్లటి పెచ్చు.

గాలి చూస్తే 22 ఉంది, డోరు మీద స్టిక్కర్ 33 అంటోంది. గాలి నింపి సబ్బు నీళ్లు పోసి చూశాను. వాల్వు లోపలి పిన్ను దగ్గర బుడగ లేదు, కానీ కాడ అడుగున, రిమ్ము కన్నం దగ్గర, కాడని పక్కకి వంచినప్పుడు సన్నటి బుడగల వరస. బంకులో మెలిపెట్టినప్పుడే చీలినట్టుంది. వెంటనే పంక్చర్ షాపులో ఆ వాల్వు మార్పించాను. మీరు హెచ్చరించకపోతే మూత వచ్చింది కదా అని అలాగే అమ్మానాన్నలని ఎక్కించుకుని బయల్దేరేవాణ్ని. నాలుగింటికీ మళ్లీ ప్లాస్టిక్ మూతలే పెట్టాను.

కాకినాడ_పంక్చర్‌షాపు:

మంచి పని చేశారు. గట్టిగా తిప్పి తీసిన మిగతా మూడు వాల్వులకి కూడా అదే సబ్బు నీళ్లు పోసి, కాడని కొంచెం పక్కకి వంచి చూడండి, చీలిక ఉంటే వంచినప్పుడే బయటపడుతుంది. శనివారం రాత్రి చల్లటి టైర్లలో నాలుగూ, స్టెప్నీతో సహా, గాలి చూసుకుని ఆదివారం పొద్దున్నే మళ్లీ ఒకసారి చూడండి. రెండిట్లో తేడా లేకపోతే బయల్దేరొచ్చు.