కెమికల్ ఇంజినీరింగ్ తర్వాత మొదటి ఉద్యోగం: ప్లాంట్‌లోనా, డిజైన్ ఆఫీసులోనా?

కెమికల్ ఇంజినీరింగ్ ఈమధ్యే పూర్తయింది. చేతిలో రెండు అవకాశాలున్నాయి, ఎటూ తేల్చుకోలేకపోతున్నాను. ఈ రంగంలో పనిచేసినవాళ్లు కాస్త చెప్పండి.

ఒకటి ప్లాంట్‌లో ప్రొడక్షన్ ఉద్యోగం. షిఫ్టులు, నైట్ డ్యూటీలు తప్పవు. కానీ డిస్టిలేషన్ కాలమ్ (ద్రవాలను మరిగించి వేరుచేసే టవర్) ఫ్లడ్ అయితే, అంటే ద్రవం కిందికి దిగకుండా లోపలే నిండిపోతే, ప్రెజర్ డ్రాప్ ఎలా పెరుగుతుందో, కావిటేషన్ (లోపల ఆవిరి బుడగలు పుట్టి పగలడం) మొదలైతే పంపు ఎలా చప్పుడు చేస్తుందో, హీట్ ఎక్స్ఛేంజర్‌లో ఫౌలింగ్ (మడ్డి) పేరుకుంటే ఏమవుతుందో దగ్గరుండి చూడొచ్చు. పుస్తకంలో చదవడం వేరు కదా!

రెండోది డిజైన్ కన్సల్టెన్సీ. సిమ్యులేషన్లు, పీ అండ్ ఐడీలు (పైపులు, పరికరాలు చూపించే డ్రాయింగులు), రిలీఫ్ వాల్వ్ (ప్రెజర్ మితిమీరితే తెరుచుకునే వాల్వ్) సైజింగ్, హాజాప్ మీటింగులు (ఎక్కడ ఏ ప్రమాదం రావచ్చో వెతికేవి). పగటి పని, జీతమూ కొంచెం ఎక్కువే. నా భయమల్లా ఒకటే: ప్లాంట్ ముఖం చూడకుండా డ్రాయింగులు గీస్తే, ఆపరేటర్ చెయ్యి అందని చోట వాల్వ్ పెట్టేస్తానేమోనని.

(సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లమన్న సలహా ఇప్పటికే బోలెడంతమంది ఇచ్చారు. అది వదిలేయండి.)

ముందుముందు ప్రాసెస్ సేఫ్టీ (ప్లాంట్లలో పేలుళ్లు, లీకుల్లాంటివి జరక్కుండా చూసే పని) వైపు వెళ్లాలనుంది. దానికి ఏ దారి మేలు? ప్లాంట్ నుంచి డిజైన్‌కి మారడం తేలికా, లేక అటునుంచి ఇటా? షిఫ్టుల్లో ఎన్నేళ్లు ఉంటే సరిపోతుంది? చేరేముందు ప్లాంట్‌వాళ్లని ఏం అడిగితే, కొత్తవాళ్లకి నిజంగా పని నేర్పిస్తారో లేదో తెలుస్తుంది?