నాట్లు వేసే ఆడవాళ్ల శారీరక శ్రమ కొలవడానికి బ్యాండా, ప్రశ్నావళా?

మిరపచేను:
ఎమ్‌పీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) రెండో సంవత్సరం. థీసిస్ కోసం మా మండలంలో రెండు ఊళ్లలో 30–55 ఏళ్ల ఆడవాళ్లు వారంలో ఎంత శారీరక శ్రమ చేస్తున్నారో చూడాలి. ఎక్కువమంది కూలికి పోయేవాళ్లే, కొందరు కుట్టుమిషన్ పని, కొందరు ఇంటిపట్టున ఉండేవాళ్లు. గైడ్ గారు శారీరక శ్రమ గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్లు తయారుచేసిన జీప్యాక్ (GPAQ) ప్రశ్నావళి చాలంటున్నారు. సీనియర్ ఒకరేమో నోటిమాట ఎవరు నమ్ముతారు, చేతికి అడుగులు లెక్కపెట్టే బ్యాండ్లు కట్టు అంటున్నారు. కొంతమందికి కట్టి చూస్తే, పొద్దున్నే పోయి సాయంత్రం దాకా నాట్లేసి వచ్చినామె కంటే రెండు వీధులు తిరిగి కూరగాయలు కొన్నామెకు ఎక్కువ స్టెప్స్ వచ్చాయి! ఇలాంటి లెక్క రాస్తే వైవాలో నన్ను ఉతికేస్తారు. ఖర్చు మొత్తం నా జేబులోంచే. ఏం చేయమంటారు?

వాచీరన్నర్:
స్టెప్స్ వదిలేయండి, మంచి స్మార్ట్‌వాచ్ కట్టి కేలరీలు తీసుకోండి. హార్ట్ రేట్ కూడా చూస్తుంది కదా, నాట్లేసినా పట్టేస్తుంది.

ఫిజియో_ఖమ్మం:
అన్నా, కేలరీల అంకె మాత్రం వద్దు. 2017లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు ఏడు రకాల చేతి పరికరాలను ల్యాబ్‌లో పరీక్షించారు. గుండె వేగం వరకు ఏడింటిలో ఆరు బాగానే చూపించాయి, తేడా 5 శాతం లోపే. కేలరీల దగ్గరికి వచ్చేసరికి అన్నిటికంటే మెరుగైన దానికే సగటున 27 శాతం తేడా, మరీ అధ్వానమైన దానికి 93 శాతం. పైగా గుండె వేగం శ్రమకే పెరగదు కదా, ఎండకు పెరుగుతుంది, టెన్షన్‌కు పెరుగుతుంది, బీపీకి బీటా బ్లాకర్ (గుండె వేగాన్ని తగ్గించే మాత్ర) వాడేవాళ్లకు పెరగాల్సినంత పెరగదు. ఆ వయసులో బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు మీ శాంపిల్‌లో తప్పకుండా ఉంటారు.

చెల్లీ, మీ బ్యాండ్ అబద్ధం చెప్పలేదు. దాన్ని అడుగులు లెక్కపెట్టమన్నాం, అదే చేసింది. నాట్లలో అడుగులెక్కడివి? నడుం వంచి, బురదలో కాళ్లు పాతేసి, నారు గుచ్చుతూ మెల్లగా వెనక్కి జరగడమే. కష్టమంతా నడుము మీద, తొడల మీద. తట్ట మోసినా అంతే, ఖాళీగా నడిచినా బరువుతో నడిచినా అడుగులు అవే. సైకిల్ తొక్కినా నడుముకు కట్టిన పరికరానికి పెద్దగా తెలియదు. అన్నట్టు రోజుకు పదివేల అడుగులు నడవాలంటారే, ఆ అంకె కూడా వైద్యులు తేల్చింది కాదు, 1965లో జపాన్‌లో ఒక కంపెనీ పెడోమీటర్‌కు అమ్మకం కోసం పెట్టుకున్న పేరులోంచి వచ్చింది.

మిరపచేను:
అయితే గైడ్ గారు చెప్పిందే కరెక్టా అక్కా? కానీ జనం ఎక్కువ చేసి చెప్తారు అంటారుగా.

గణాంకాల_సారు:
చెప్తారమ్మా, అందులో సందేహం లేదు. అమెరికాలో 2003–04 జాతీయ ఆరోగ్య సర్వేలో నడుముకు యాక్సిలరోమీటర్ (ఒంటి కదలికలను నమోదు చేసే చిన్న పరికరం) కట్టి చూస్తే వ్యాయామ సిఫారసును అందుకున్న పెద్దవాళ్లు 5 శాతం కూడా లేరు, నోటితో అడిగితే మాత్రం సగం మంది దాకా అందుకున్నట్టే లెక్క తేలింది. కానీ అక్కడ జనం జ్ఞాపకం చేసుకుని చెప్పేది ఎక్కువగా వాకింగ్, జిమ్. మన దగ్గర కథ అటూ ఇటూ రెండు వైపులా పోతుంది. "వ్యాయామం చేస్తారా" అంటే నాట్లేసి వచ్చినామె "మాకెక్కడ కుదురుద్దండీ" అంటుంది, సున్నా పడుతుంది. "పనెంత సేపు" అంటే "పొద్దస్తమానం పనేగా" అంటుంది, మీరు పన్నెండు గంటల కఠిన శ్రమ రాసుకుంటారు. రెండూ తప్పే.

జీప్యాక్‌లో నాకు నచ్చింది ఏంటంటే పని, రాకపోకలు, తీరిక వేళ వ్యాయామం మూడూ విడివిడిగా అడుగుతుంది, కూలి లేని ఇంటి చాకిరీ కూడా పని కిందే వస్తుంది. ఉన్నవి 16 ప్రశ్నలే. దాన్ని పేపర్ ఇచ్చి నింపమనకుండా మీరే పక్కన కూర్చుని అడగండి. నిమిషాల్లో అడగొద్దు. ఎన్నింటికి ఇల్లు కదిలారు, అన్నాలకు ఎప్పుడు ఆగారు, ఎంతసేపు నడుం వాల్చారు, ఎప్పుడొచ్చారు అని రోజంతా వరసగా రాబట్టి ఆ తర్వాత మీరే నిమిషాలు కట్టుకోండి. ఏది మధ్యస్థం, ఏది కఠినం అనేదానికి మీ ఊరి పనుల ఫొటోలు పెట్టుకోండి (అంట్లు తోమడం, కలుపు తీయడం, బస్తాలు ఎత్తడం లాంటివి), లేకపోతే ఒక్కొక్కరు ఒక్కోలా అనుకుంటారు. ఈ ప్రశ్నావళి లెక్కలో మధ్యస్థ శ్రమకు 4 MET, కఠిన శ్రమకు 8 MET పడతాయి (ఊరికే కూర్చున్నప్పుడు ఖర్చయ్యే శక్తికి ఎన్ని రెట్లో చెప్పే కొలత ఈ MET), అంటే ఒక పనిని పొరపాటున పై గడిలో వేస్తే ఆమె శ్రమ కాగితం మీద ఒక్కసారిగా రెట్టింపవుతుంది.

వాచీరన్నర్:
సరే ఒప్పుకున్నా. మరి అన్నిటికంటే కచ్చితమైనదేదో నీళ్లు తాగించే పద్ధతి ఉందట కదా?

ఫిజియో_ఖమ్మం:
ఉంది. బరువైన హైడ్రోజన్, బరువైన ఆక్సిజన్ కలిపిన నీళ్లు తాగించి వారం, రెండు వారాల పాటు మూత్రం శాంపిళ్లు తీసుకుంటారు. ఒంట్లోంచి ఆ రెండూ పోయే వేగాల తేడాను బట్టి మొత్తం ఎంత శక్తి ఖర్చయిందో కడతారు. మామూలు జీవితంలో శక్తి ఖర్చుకు ఇంతకంటే నమ్మకమైన కొలత లేదు. కానీ ఆ ఖర్చు స్టూడెంట్ జేబుకు అయ్యే పని కాదు, అదీకాక మొత్తం తెలుస్తుంది గానీ నాట్లకెంత, వంటకెంత, ఏ పూట ఎంత అనేది తెలియదు. ఈ థీసిస్‌కు అక్కర్లేదు.

నేనైతే అందరికీ జీప్యాక్ అడిగి, అందులో కొద్దిమందికి నడుముకు యాక్సిలరోమీటర్ కడతాను. మీ డిపార్ట్‌మెంట్‌లో ఉందేమో అడగండి, కొనొద్దు. వారం కట్టించి, రోజుకు కనీసం పది గంటల చొప్పున నాలుగు రోజులైనా సరిగ్గా కట్టుకున్నవాళ్లవే లెక్కలోకి తీసుకోండి, కూలి లేని రోజు ఒకటి అందులో ఉండాలి. కూర్చునే సమయం, నడక దాన్నుంచి తీసుకోండి, వంగి చేసే పనికి మాత్రం ప్రశ్నావళినే నమ్మండి. రెండూ కలవలేదని కంగారు పడొద్దు, ఎందుకు కలవలేదో రాయడమే మీ డిస్కషన్ చాప్టర్.

మిరపచేను:
థాంక్స్ అక్కా, సార్. ఇంకో డౌట్. నేను ఊళ్లోకి వెళ్లేసరికి నాట్లు అయిపోతాయి. పర్లేదా?

గణాంకాల_సారు:
జీప్యాక్ "మామూలుగా గడిచే వారం" గురించి అడుగుతుంది, కూలి పనిలో మామూలు వారం అనేదే లేదు, చిక్కంతా అక్కడే. నాట్లు, కలుపు, కోతలు, పని దొరకని రోజులు, ఏ సీజన్‌లో అడిగారో ప్రతి ఫారం మీద రాయండి, వీలైతే కొందరిని కోతలప్పుడు మళ్లీ అడగండి. వీలు కాకపోతే ఏడాది మొత్తానికి వర్తించేలా ముగింపు రాయకండి.

ఇంకోటి, అంకెలు కనబడే బ్యాండ్ కట్టొద్దు. కనబడితే పక్కింటామెతో పోటీ పెట్టుకుని మరీ నడుస్తారు, మొదటి రెండు రోజులు ముఖ్యంగా. స్క్రీన్ లేనిది చూసుకోండి, బురదనీళ్లకు తట్టుకుంటుందో లేదో ముందే కనుక్కోండి. అందులో కెమెరా ఉందా అని కూడా అడుగుతారు, సమ్మతి పత్రం చదివేటప్పుడే పరికరం వాళ్ల చేతికిచ్చి చూపించేయండి.